చిల్కా బండి ఎక్కించాక

విశాఖపట్నానికి నేవీ కొత్త కాదు. తూర్పు నౌకాదళ కమాండ్‌కి ఈ ఊరే కేంద్రం. నేవీ డే విన్యాసాలు చూపించడానికి పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని ఆర్కే బీచ్‌కి వెళ్లని నాన్నలు ఇక్కడ తక్కువ. కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి అదే బీచ్‌లో మ్యూజియంగా ఉంది. దాని లోపల నావికులు పడుకున్న ఇరుకు మంచాలు చూసి, బయటికొచ్చి, ‘నేనూ నేవీలో చేరతా’ అన్న పిల్లలు ఎందరో. అంత దగ్గరగా చూసిన ఊళ్లో కూడా, సొంత బిడ్డకి జాయినింగ్ లెటర్ వచ్చాక ఇల్లు మరోలా అయిపోతుంది. పగలు వీధంతా స్వీట్లు పంచిన తల్లి, రాత్రి బ్యాగు సర్దుతూ సర్దుతూ కూర్చుండిపోతుంది. తండ్రి మాట్లాడడు. ఏ చుట్టమో ‘ఎందుకమ్మా ఏడుపు, దేశం కోసం పంపుతున్నావు కదా’ అంటే ఆ ఏడుపు లోపలికి పోతుందే తప్ప ఆగదు.

ఆ బాధకి సిగ్గుపడాల్సిన పని లేదు. అది ఎందుకొస్తుందో, ట్రైనింగ్ సెంటర్ గేటు లోపల ఏం జరుగుతుందో, ఇంటి దగ్గర ఉన్నవాళ్లు ఏం చేస్తే బిడ్డకి సాయమవుతుందో, ఏం చేస్తే అడ్డమవుతుందో తెలుసుకుంటే మాత్రం ఆ బాధని మోయడం కొంత తేలికవుతుంది.

ముందు మన ఊరి సంగతి. విశాఖ కుటుంబాలకి అలవాటైన ఉద్యోగాలు వేరు. 1933లో ఓడరేవు తెరిచారు. 1941లో సింధియా కంపెనీ షిప్‌యార్డుకి పునాది వేసింది. ఆ పేరు ఇప్పటికీ సింధియా జంక్షన్‌కి ఉంది. ఆ తర్వాత రిఫైనరీ, డాక్‌యార్డు, బీహెచ్‌పీవీ, 1966 ఉద్యమం సాధించిన ఉక్కు ఫ్యాక్టరీ. ఫర్నేసు వేడిలో నిలబడ్డా, క్రేన్ ఎక్కినా, ఈ ఉద్యోగాలన్నిటిలో ఒక భరోసా ఉంది. షిఫ్టు అయ్యాక మనిషి ఇంటికొస్తాడు. సి షిఫ్టుకి వెళ్లిన భర్త తెల్లారేక వస్తాడని ఉక్కునగరంలో ఇల్లాలికి తెలుసు. రెండు తరాలు ఇలాగే బతికాయి. ఇప్పుడు ఆ ఇంటి పిల్లవాడే నెలల తరబడి కంటికి కనపడడు, ఎప్పుడు మాట్లాడతాడో వాడికే తెలియదు. ఉద్యోగమంటే సాయంత్రానికి ఇంటికి రావడం అన్న లెక్క మొదటిసారి తప్పుతుంది. అందుకే తొలి వారాల్లో తల్లిదండ్రులకి ఏం చెయ్యాలో తోచదు.

ఎక్కడికి వెళ్తారు?

మన ప్రాంతం నుంచి వెళ్లే పిల్లల దారులు ప్రధానంగా నాలుగు. అగ్నిపథ్ పథకం కింద నేవీలో అగ్నివీర్‌గా ఎంపికైతే ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కా. చిల్కా సరస్సు ఒడ్డున 1980 నుంచి నడుస్తున్న ఈ కేంద్రంలోనే దేశం నలుమూలల నుంచి వచ్చే నావికులకి తొలి శిక్షణ, పదహారు వారాలు. విశాఖ నుంచి రైల్లో కొన్ని గంటల దూరమే. అయినా వెళ్లి చూసొచ్చే వీలుండదు. ఆర్మీ అయితే శాఖని బట్టి సెంటరు మారుతుంది. హైదరాబాద్ గోల్కొండ దగ్గరున్న ఆర్టిలరీ సెంటర్లో అగ్నివీరుల శిక్షణ 31 వారాలు. అందులో తొలి పది వారాలు ప్రాథమిక శిక్షణ, మిగిలినవి ఫిరంగి దళానికి కావలసిన పనుల్లో. ఆఫీసర్ కావాలనుకుంటే ఇంటర్ తర్వాత పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ). అక్కడ మూడేళ్లు, ఆపైన డెహ్రాడూన్‌లోనో, ఎళిమలలోనో, దుండిగల్‌లోనో మరో ఏడాది.

నాలుగోది మన పక్కనే ఉంది. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్. 1962లో విజయనగరం రాజుల భవనంలో మొదలైంది. ఇక్కడ చదివిన పిల్లలందరూ సైన్యంలోకి వెళ్లాలని లేదు గానీ, బడి స్థాపించిన ఉద్దేశం ఎన్‌డీఏకి పిల్లల్ని తయారుచేయడమే. ఆరో తరగతిలో చేరే పిల్లలకి పది నుంచి పన్నెండేళ్లు. 2021 నుంచి ఆడపిల్లలూ చేరుతున్నారు. నన్నడిగితే, తల్లిదండ్రులకి అన్నిటికన్నా కష్టమైనది ఈ దారే. పద్దెనిమిదేళ్లవాడు తానుగా ఫిజికల్స్‌కి పరుగెత్తి, మెడికల్స్ పాసై వెళ్తాడు. నిర్ణయం సగమైనా వాడిది. పదేళ్ల పిల్లవాడి నిర్ణయం అమ్మానాన్నలదే. కాబట్టి వాడు హాస్టల్ నుంచి ఏడ్చిన ప్రతిసారీ తప్పు మనదేనేమో అన్న అనుమానం పీకుతుంది. ఆ వయసు పిల్లలకి ట్రైనింగ్ కన్నా ముందు కావలసింది, నచ్చకపోతే చెప్పుకోవచ్చన్న ధైర్యం. దాన్ని ప్రవేశ పరీక్ష కోచింగ్‌లో ఎవరూ నేర్పరు. ఇంట్లోనే ఇవ్వాలి.

2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన కర్నల్ సంతోష్ బాబు కోరుకొండ పూర్వ విద్యార్థి. తాను సైన్యంలో చేరలేకపోయానని, ఆ కోరిక కొడుకు రూపంలో తీరిందని ఆయన తండ్రి ఆ రోజుల్లో పత్రికలతో చెప్పారు. మన తెలుగు ఇళ్లలో ఇలాంటి తండ్రులు చాలామంది. తీరని కోరిక పిల్లవాడికి స్ఫూర్తి అయితే మంచిదే. కానీ అది వాడి మీద అప్పులా పడకూడదు. ఇది నాన్న కల, నేను మధ్యలో వదిలేస్తే ఆయన తట్టుకోలేడు అనుకునే కేడెట్ తన నొప్పి ఎవరికీ చెప్పడు. పంపే ముందు తండ్రి నోటి నుంచి ఒక మాట బయటికి రావాలి: ‘నీకు కుదరకపోతే నువ్వు నాకు తక్కువైపోవు.’ ఈ మాట వల్ల పిల్లవాడు పారిపోయి వస్తాడని భయపడనక్కర్లేదు. వెనక్కి వచ్చే చోటుందని తెలిసినవాడికి ముందుకి వెళ్లడం ఇంకా సులువు.

గేటు లోపల

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1961లో రాసిన ఒక పుస్తకంలో జైళ్లని, మానసిక వైద్యశాలల్ని, సైనిక శిబిరాల్ని ఒకే కోవలో పెట్టి పరిశీలించాడు. నిద్ర, పని, తిండి, ఆట అన్నీ ఒకే ప్రహరీ లోపల, ఒకే అధికారం కింద, ఒకే గుంపుతో జరిగే చోట్లు ఇవి. అలాంటి చోటికి వచ్చిన మనిషి నుంచి మొదట పాత గుర్తులు తీసేస్తారని ఆయన గమనించాడు. మన పిల్లలకి మొదటి రోజు జరిగేదీ అదే. జుట్టు కత్తిరిస్తారు. తెచ్చుకున్న బట్టలు పెట్టెలోకి వెళ్తాయి. పేరుకి ముందు నంబరొస్తుంది. చేతిలో ఫోను ఉండదు. గాజువాక పిల్లవాడు, హర్యానా పిల్లవాడు, మిజోరం పిల్లవాడు ఒకేలా కనిపించడం మొదలవుతుంది.

ఇది చూసి తల్లి గుండె తరుక్కుపోతుంది. కానీ దీని వెనక ఒక లెక్క ఉంది. ఓడలో మంటలు లేచినప్పుడు, చెప్పిన పని చెప్పిన క్షణంలో చేయకపోతే పక్కవాడు పోతాడు. ఆ క్షణంలో ‘ఎందుకు’ అని అడిగే తీరిక ఉండదు. నాలుగింటికి లేవడం, దుప్పటి మడతలో అంగుళం తేడా వస్తే మళ్లీ మడవడం, ఒకడు తప్పు చేస్తే అందరూ పరుగెత్తడం, ఇవన్నీ బయటి నుంచి అర్థం లేని హింసలా కనిపిస్తాయి. లోపల అవి చేసే పని ఒకటే. నా సంగతి నేను చూసుకుంటా అనే అలవాటుని తీసి, మనం అనే అలవాటుని పెట్టడం. పిల్లలు వీటిని ‘రగడా’ అంటారు. ఆర్మీలో శిక్షణ ఇచ్చే హవల్దారుని ‘ఉస్తాద్’ అని పిలుస్తారు. మొదటి నెల తిట్టుకున్న ఉస్తాద్ కాళ్లకే పాసింగ్ అవుట్ పరేడ్ నాడు దండం పెట్టే పిల్లలున్నారు.

ఇంకో సంగతి తల్లిదండ్రులకి చాలామంది చెప్పరు. తొలి వారాల్లో ఇంటితో మాటలు తగ్గించడం కూడా శిక్షణలో భాగమే. కష్టం వచ్చినప్పుడల్లా అమ్మకి చెప్పుకునే దారి తెరిచే ఉంటే, పక్క మంచం మీదివాడికి చెప్పుకోవాల్సిన అవసరం రాదు. ఆ అవసరమే వాళ్లని జట్టు చేస్తుంది. ఇంట్లో మనం చేస్తూ వచ్చిన పని, అంటే లేపడం, తినిపించడం, గుర్తుచేయడం, ఓదార్చడం, కొన్నాళ్లు వేరేవాళ్ల చేతికి వెళ్తుంది. మన చేతులు ఖాళీ అయిపోయిన బాధ అక్కడిది. బిడ్డ మీద ప్రేమ తగ్గించుకోమని ఎవరూ అడగడం లేదు. ఆ పనులు మానుకోమని మాత్రమే అడుగుతున్నారు.

అలాగని లోపల జరిగేదంతా సరైనదేనని నేననను. క్రమశిక్షణకీ వేధింపుకీ మధ్య గీత ఉంది. దాని గురించి కింద రాస్తాను.

ఆ ఐదు నిమిషాల ఫోను

వెనకటి తరంలో ఉత్తరాలు ఉండేవి. కేరాఫ్ 56 ఏపీఓ అని రాసి పోస్టు డబ్బాలో వేస్తే, ఆ ఉత్తరం ఏ మూలకి వెళ్తుందో రాసిన తల్లికి తెలియదు. జవాబు రావడానికి వారాలు పట్టేది. ఆ వారాల్లో కొడుకు బాధ తగ్గిపోయేది. ‘నేను బాగున్నాను’ అనే ఉత్తరమే చేతికొచ్చేది. ఇప్పుడు ఫోనుంది. తొలి వారాల్లో అది చేతికిచ్చేది ఎప్పుడో ఓసారి, కొద్ది నిమిషాలు. సెంటర్ని బట్టి పద్ధతి మారుతుంది. ఆ కొద్ది నిమిషాల్లోనే పిల్లవాడు వారం రోజుల బాధనంతా కక్కేస్తాడు. ‘అమ్మా, నావల్ల కాదు, వచ్చేస్తాను’ అంటాడు. లైను కట్ అవుతుంది.

ఇక్కడ జరిగేది అర్థం చేసుకోవాలి. ఆ మాట చెప్పేసరికి వాడి బరువు దిగిపోతుంది. ఫోను పెట్టి, ఫాలిన్‌కి, అంటే వరసలో నిలబడడానికి, పరుగెత్తి, రాత్రి భోజనం దగ్గర పక్కవాడితో నవ్వుతుంటాడు. తల్లికి మాత్రం ఆ మాట చెవిలోనే ఉండిపోతుంది. మళ్లీ ఫోను వచ్చేదాకా వాడు ఏడుస్తూనే ఉన్నాడని ఆమె ఊహ. బాధ నిజమే, ఇద్దరిదీ నిజమే, కానీ వాడిది ఐదు నిమిషాలు, ఆమెది వారం. ఈ తేడా తెలియకే చాలా ఇళ్లలో రాత్రికి రాత్రి టికెట్లు బుక్ చేస్తారు, తెలిసినవాళ్ల చేత ఎమ్మెల్యేకో, పరిచయమున్న ఆఫీసరుకో ఫోను చేయిస్తారు. ఆ సిఫార్సు గేటు దాటి లోపలికి వెళ్లిందంటే నష్టపోయేది పిల్లవాడే. తోటివాళ్ల ముందు పలచనైపోతాడు.

మరి ఏమనాలి? ‘వచ్చేయ్’ అనొద్దు, ‘వచ్చావంటే గుమ్మం తొక్కనివ్వను’ అనొద్దు. రెండూ వాడి చేతిలో ఉండాల్సిన నిర్ణయాన్ని మనం లాక్కోవడమే. ‘కష్టంగానే ఉంటుంది నాన్నా. ఈ వారం ఏం జరిగిందో చెప్పు’ అనండి. వినండి. చివర్లో, ‘వచ్చే ఆదివారం మళ్లీ మాట్లాడుకుందాం’ అనండి. ఒక వారం గడువు పెట్టడంలో పెద్ద బలముంది. వచ్చే వారం ఫోనులో కంఠం మారి ఉంటుంది, చాలాసార్లు. ఇంటి దగ్గరి గొడవలు, అప్పులు, నాయనమ్మ జబ్బు ఆ ఐదు నిమిషాల్లో చెప్పకండి. అక్కడి నుంచి వాడు చేయగలిగింది ఏమీ ఉండదు. అలాగని పెద్ద విషయం దాచడమూ తప్పే. ఇంట్లో మరణం లాంటిది జరిగితే సెంటరుకి నేరుగా తెలియజేయాలి. వాళ్లే సరైన పద్ధతిలో చెప్పి, సెలవు సంగతి చూస్తారు.

ఫోను విషయంలో విశాఖవాళ్లకి ఒక హెచ్చరిక ప్రత్యేకంగా అవసరం. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ విభాగం ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో ఒక గూఢచర్య ముఠాని బయటపెట్టింది. సోషల్ మీడియాలో అమ్మాయిల పేరుతో వలవేస్తే చిక్కుకుని, నౌకల కదలికలు చెప్పేశారన్న ఆరోపణపై నావికులు అరెస్టయ్యారు. విశాఖ, కార్వార్, ముంబై కేంద్రాలుగా నడిచిన కేసది. ఆ నెలలోనే నేవీ తన స్థావరాల్లో, నౌకల మీద స్మార్ట్‌ఫోన్లని, ఫేస్‌బుక్‌ని నిషేధించింది. పిల్లవాడు పాటిస్తే చాలదు. ‘మా వాడు ఫలానా షిప్పు మీద వెళ్తున్నాడు’ అని స్టేటస్ పెట్టే బాబాయి ఉన్నా అదే ప్రమాదం. పరేడ్ ఫొటో పెట్టుకోండి, గర్వపడండి. యూనిట్ పేరు, ఊరు, తేదీలు రాయకండి.

ఎప్పుడు కదలాలి

కంఠం మారనప్పుడు. వారాలు గడిచినా అదే మాట, నిద్ర పట్టడం లేదు, తిండి దిగడం లేదు, బతికి లాభం లేదు అనే ధోరణి కనిపిస్తే అది బెంగ కాదు. ఫలానా వ్యక్తి పదేపదే కొడుతున్నాడు, అవమానిస్తున్నాడు అని పేరు పెట్టి చెబితే అది రగడా కాదు. అప్పుడు సెంటరుకి ఫోను చేయడం తల్లిదండ్రుల హక్కే కాదు, బాధ్యత. చేయాల్సింది సిఫార్సు మనుషులకి కాదు. కంపెనీ కమాండర్‌కి, నేవీలో అయితే డివిజనల్ ఆఫీసర్‌కి, అకాడమీలో అయితే అడ్జుటెంట్ ఆఫీసుకి. జాయినింగ్ కాగితాలతో వచ్చిన నంబర్లన్నీ బిడ్డని పంపే ముందే ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్, నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది. సైనిక దళాల కోసం పుణెలో ప్రత్యేక విభాగం 2023లో తెరిచారు. ఈ నంబరు పిల్లలకే కాదు, రాత్రిళ్లు నిద్రపట్టని తల్లిదండ్రులకీ పనికొస్తుంది.

శరీరం సంగతి ఇంకా ముఖ్యం. బరువు తగ్గుతారు, నల్లబడతారు, కాళ్లు బొబ్బలెక్కుతాయి. వీటికి కంగారు పడొద్దు. కానీ పాదంలోనో, మోకాలి కింద ఎముకలోనో ఒకేచోట పొడిచే నొప్పి రోజురోజుకీ పెరుగుతుంటే అది వేరు. ఎక్కువ కవాతు చేసే సైనికుల పాదాల్లో వచ్చే ఇలాంటి నొప్పిని, వాపుని 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ వర్ణించాడు. అది ఎముకలో సన్నటి చీలిక అని ఎక్స్‌రేలు వచ్చాక తేలింది. ‘మార్చ్ ఫ్రాక్చర్’ అంటారు. మొదట్లోనే చూపిస్తే కొన్ని వారాల విశ్రాంతితో మానుతుంది. దాచి పరుగెత్తితే ఎముక విరుగుతుంది, శిక్షణ పోతుంది. మన పిల్లలు దాస్తారు, ఎందుకంటే బ్యాచ్ నుంచి వెనకబడతామని భయం. ‘ఓర్చుకో నాన్నా’ అనే మన మాట ఆ దాపరికానికి తోడవుతుంది. ఓర్చుకోమని చెప్పే చోట్లు చాలా ఉన్నాయి. ఎముక నొప్పి విషయంలో మాత్రం ఆ రోజే సెంటర్లోని ఎంఐ రూముకి, అంటే వైద్య పరీక్ష గదికి, వెళ్లమని చెప్పాలి.

శిక్షణలో గాయపడి, వైద్య బోర్డు నిర్ణయంతో ఇంటికి పంపబడిన ఆఫీసర్ కేడెట్ల దుస్థితిని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకి తీసుకుంది. కమిషన్ పొందకముందే గాయపడ్డారు కాబట్టి వాళ్లు మాజీ సైనికులు కారు, ఆ హోదాతో వచ్చే వైద్యం వాళ్లకి ఉండేది కాదు. దశాబ్దాల పాటు ఇదే పరిస్థితి. కేసు తర్వాత మాజీ సైనికుల ఆరోగ్య పథకాన్ని వాళ్లకీ వర్తింపజేశారు. ఎన్‌డీఏకి పంపే తల్లిదండ్రులు కొన్ని కాగితాలపై సంతకం చేస్తారు. శిక్షణలో గాయమైతే పరిహారం కోరబోమని ఒకటి, కేడెట్ తనంతట తాను మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కడతామని ఒకటి. బిడ్డ ఎంపికైన సంతోషంలో చదవకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. నెమ్మదిగా కూర్చుని, బిడ్డని పక్కన పెట్టుకుని, ప్రతి వాక్యం చదవండి. అగ్నిపథ్‌లోనూ 18 ఏళ్లు నిండనివాళ్ల ఫారం మీద తల్లిదండ్రుల సంతకం ఉండాలి. ఇష్టం లేకుండా చేసే సంతకం ఒకటైతే, అర్థం కాకుండా చేసేది ఇంకొకటి. రెండూ వద్దు.

నోరు తెరిచి చెప్పని భయం

అసలు భయం వేరే ఉంది. దాన్ని ఎవరూ పైకి అనరు, అపశకునమని. విశాఖలో ఆ భయానికి ఆధారాలున్నాయి. 2013 ఆగస్టు 14న ముంబైలో సింధురక్షక్ సబ్‌మెరైన్ పేలి 18 మంది పోయారు. వాళ్లలో విశాఖ పిల్లలున్నారు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో సివిల్ ఉద్యోగులు. మనం రోజూ సిటీబస్సులో ‘ఎన్ఏడీ’ అని దిగే జంక్షన్‌కి పేరొచ్చింది ఆ డిపో వల్లే. ఆ ఇళ్లు ఏడేళ్లు దాటి ఎదురుచూశాయి. 2024 జనవరిలో చెన్నై తీరానికి దూరంగా, 3,400 మీటర్ల లోతున, సముద్రం అడుగున ఆ విమాన శకలాల ఫొటోలు దొరికాయి. ఆ ఎనిమిది మందీ సైనిక శిక్షణే లేని, ఇంటి నుంచి డ్యూటీకి వెళ్లొచ్చే ఉద్యోగులు.

అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ 1970ల్లో వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన పైలట్ల కుటుంబాలతో పనిచేసింది. పోయాడని ఏడవలేక, ఉన్నాడని నమ్మలేక మధ్యలో నిలిచిపోయిన ఆ భార్యల స్థితిని ఆమె ‘అస్పష్టమైన నష్టం’ అని వర్ణించింది. మనిషి కంటి ముందు లేడు, మనసులో మాత్రం ఇంట్లోనే తిరుగుతున్నాడు. పిల్లలు ఇల్లు విడిచి వెళ్లడం కూడా దీనికి చిన్నపాటి రూపమేనని తర్వాత ఆమె రాసింది. ఎన్ఏడీ కుటుంబాలు పడ్డ నరకాన్ని ట్రైనింగుకి పంపిన బెంగతో పోల్చడం నా ఉద్దేశం కాదు. ట్రైనింగుకి ఒక తేదీ ఉంది, ఆ తేదీకి బిడ్డ కనిపిస్తాడు. కానీ వాడి గదిలోకి వెళ్లలేకపోవడం, వాడికిష్టమైన కూర వండడం మానేయడం, భోజనాల దగ్గర ఒక కంచం ఎక్కువ పెట్టేయడం, ఇవన్నీ ఆ కోవవే. పాలిన్ బాస్ ఇచ్చే సలహా నాకు సరైనదనిపిస్తుంది: మనిషి లేడన్నదీ ఉన్నాడన్నదీ రెండూ ఒకేసారి నిజమని ఒప్పుకోవడం. వాడికిష్టమైన కూర వండండి, తినండి. వాడి గదిలో చెల్లిని చదువుకోనివ్వండి. భయమేస్తోందని భార్యాభర్తలు ఒకరితో ఒకరు అనుకోండి. మన మగవాళ్లు ఈ బాధని ఓవర్‌టైములో దాచేస్తారు. ఇంట్లో తల్లికి, తానొక్కతే బెంగపెట్టుకుందేమో అనిపిస్తుంది.

ఆడపిల్లల విషయంలో ఈ భయం ఇంకాస్త ఎక్కువ. మన ఊరి అమ్మాయి లెఫ్టినెంట్ కమాండర్ పాతర్లపల్లి స్వాతి, మరో ఐదుగురు నేవీ మహిళా అధికారులతో కలిసి 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో బయలుదేరింది. 55 అడుగుల పడవ. భూమి చుట్టూ తిరిగి 2018 మే 21న తిరిగొచ్చారు. హైదరాబాద్‌కి చెందిన బొడ్డపాటి ఐశ్వర్య కూడా ఆ ఆరుగురిలో ఉంది. అంటే రెండు తెలుగు ఇళ్లు ఎనిమిది నెలలు దక్షిణ మహాసముద్రం వాతావరణం వార్తలు వెతుక్కుంటూ గడిపి ఉంటాయి. ఆడపిల్లని పంపాలా అని ఇప్పటికీ తటపటాయించే తల్లిదండ్రులు ఈ ఊళ్లో ఉన్నారు. 2023 మార్చి 28న చిల్కాలో తొలి అగ్నివీర్ బ్యాచ్ పాసింగ్ అవుట్ పరేడ్ జరిగినప్పుడు సుమారు 2,600 మందిలో 273 మంది అమ్మాయిలు. ఎన్‌డీఏ నుంచి తొలి 17 మంది మహిళా కేడెట్లు 2025 మే 30న బయటికొచ్చారు. ఆ తటపటాయింపుకి ఇక పెద్దగా కారణం లేదు.

తిరిగొచ్చేవాడు

మొదటి సెలవుకి వచ్చినవాడు వేరే మనిషిలా ఉంటాడు. నాలుగింటికి లేచి కూర్చుంటాడు, ఐదు నిమిషాల్లో తినేస్తాడు, మాటల మధ్య హిందీ దొర్లుతుంది, అడిగితే ‘బాగానే ఉంది’ అంటాడు. మనవాడు దూరమయ్యాడని అనిపిస్తుంది. చుట్టాలిళ్లన్నీ తిప్పి యూనిఫాంలో ఫొటోలు దిగమనే ముందు రెండు రోజులు వాడిని పడుకోనివ్వండి. మాటలు వాటంతటవే వస్తాయి, సాధారణంగా అర్ధరాత్రి, వంటింట్లో.

అగ్నిపథ్ వచ్చాక ఈ వదిలిపెట్టడంలో ఒక కొత్త చిక్కు చేరింది. వెనకటి నావికుడికి పదిహేనేళ్ల సర్వీసు, ఆపైన పెన్షన్. తల్లిదండ్రులు ఒకసారి వదిలితే చాలు. 2022 జూన్ 14న ప్రకటించిన ఈ పథకంలో నాలుగేళ్లకి నూటికి పాతిక మందిని మించి ఉంచుకోరు. పెన్షన్ లేదు. మూడొంతుల మంది ఇరవైల్లో ఉండగానే ఇంటికొస్తారు. ప్రకటన వెలువడిన మూడో రోజునే సికింద్రాబాద్ స్టేషన్లో ఆందోళన, కాల్పులు, ఒక యువకుడి మరణం. ఆ కోపం వెనక ఉన్న ప్రశ్న తీరిపోలేదు. కేంద్ర సాయుధ బలగాల్లో పది శాతం రిజర్వేషన్ అప్పుడే ప్రకటించారు గానీ, అది అందరికీ చాలదు. నాలుగేళ్ల ఒప్పందంతో యువకుల్ని తీసుకున్న ప్రభుత్వం, వాళ్ల ఐదో ఏడాది గురించి ఇంతకన్నా గట్టి హామీ ఇవ్వాల్సింది.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటి ఏడాది నెలకి 30,000 ప్యాకేజీలో చేతికొచ్చేది 21,000. మిగిలిన 9,000 నిధికి వెళ్తుంది, ప్రభుత్వం అంతే కలుపుతుంది. నాలుగో ఏడాదికి ప్యాకేజీ 40,000. చివర్లో వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల సేవా నిధి, ఆదాయపు పన్ను లేకుండా. పంతొమ్మిదేళ్ల పిల్లవాడి మొదటి జీతం మీద ఇంట్లో ఎన్ని కళ్లు పడతాయో మనకి తెలుసు. అక్క పెళ్లి అప్పు, ఇంటి మీద రెండో అంతస్తు, తమ్ముడి ఫీజు. అవసరాలు నిజమైనవే, పిల్లలు కూడా కాదనరు. నెల జీతంలో కొంత ఇంటికి పంపితే తీసుకోండి. సేవా నిధి జోలికి మాత్రం పోకండి. అది వాడి ఐదో ఏడాదికి, ఆ తర్వాతి బతుక్కి ఉన్న ఒకే ఒక్క పెట్టుబడి. బిడ్డని దేశానికి ఇచ్చామని చెప్పుకుని, వాడి డబ్బుని ఇంటికి రాయించుకుంటే మనం వదిలింది ఏమిటి?

2022 చివర్లో చిల్కా చేరిన తొలి బ్యాచ్‌కి నాలుగేళ్లు నిండేది 2026 చివర్లో. ఉంచుకున్నవాళ్లు ఉండిపోతారు, మిగిలినవాళ్లు విశాఖ స్టేషన్లో దిగుతారు. అంతకన్నా ముందే గాయంతోనో, కుదరకో వచ్చేసినవాళ్లూ మీ వీధిలో ఉండొచ్చు. పెళ్లిళ్లలో, గుడి దగ్గర, షిఫ్టు బస్సులో వాళ్లు ఎదురుపడితే ‘ఎందుకొచ్చేశావు’ అని అడగకండి. చదువు మళ్లీ మొదలుపెట్టడానికో, ఉద్యోగం వెతుక్కోవడానికో వాళ్లకి కొన్ని నెలలు కావాలి. ఆ నెలలు ఇంట్లోవాళ్లూ, ఊరివాళ్లూ వాళ్లకి ఇవ్వాలి.